సూర్యుడి మీద ప్రాజెక్టు: నీడ కర్రా, సూది రంధ్రమా, సోలార్ ప్యానెలా?

బడిలో సూర్యుడి మీద ఏదైనా చేసుకురమ్మన్నారంటే ఇళ్లలో మొదట బయటికొచ్చేవి థర్మోకోల్ బంతులు, పసుపు రంగు డబ్బా. మధ్యలో పెద్ద బంతి, చుట్టూ ఎనిమిది చిన్న బంతులు, వాటికి తీగలు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది చేశాక పిల్లలకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. పైగా కొలతల మీద తప్పుడు ఊహ ఒకటి స్థిరపడిపోతుంది. సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు, అంటే భూమికి 109 రెట్లు. సూర్యుణ్ని 10 సెంటీమీటర్ల బంతిగా చేస్తే భూమి ఒక మిల్లీమీటరు కూడా ఉండని చుక్క. ఆ చుక్కను పెట్టాల్సింది అట్ట మీద కాదు, దాదాపు 11 మీటర్ల అవతల.

అందుకే ఈ పోలికలో మోడళ్ల జోలికి పోవడం లేదు. నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: పిల్లలు తమ చేత్తో కొలిచిన అంకె ఒకటి రావాలి, ఆ అంకె నుంచి సూర్యుడి గురించో, నక్షత్రాల గురించో, ఎండలోని శక్తి గురించో ఒక సంగతి తేలాలి. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలు చేయగల పనుల్లో ఈ షరతుకు నిలబడేవి కొన్నే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు కళ్ల సంగతి. ఈ పనుల్లో దేనికీ సూర్యుడి వైపు చూడాల్సిన అవసరం లేదు, చూడనివ్వొద్దు కూడా. రెటీనాకు నొప్పి తెలియదు. దెబ్బతిన్న సంగతి కొన్ని గంటలు గడిచాక గానీ బయటపడదు. మామూలు కూలింగ్ గ్లాసులు, ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, సీడీ, ఇవేవీ కంటిని కాపాడలేవు. గ్రహణం చూసే అద్దాలైతే ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణానికి తగినవే వాడాలి, గీతలు పడితే పారేయాలి. పగటిపూట బైనాక్యులర్ పిల్లల చేతికి ఇవ్వకండి.

నీడ కర్ర

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. చదునైన చోట మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టాలి. దారానికి బరువు కట్టి పక్కనే వేలాడదీస్తే కర్ర వాలిందో లేదో తెలిసిపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ప్రతి ఇరవై నిమిషాలకూ నీడ కొస దగ్గర గుర్తు పెట్టి, పక్కన టైము రాయాలి. అంతే పని.

నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణమే ఆ చోటికి అసలు మధ్యాహ్నం. గడియారంలో అది సాధారణంగా పన్నెండుకు రాదు, ఇక్కడే పిల్లలకు మొదటి ఆశ్చర్యం. కారణాలు రెండు. దేశమంతటికీ ఒకే టైము పెట్టుకున్నాం కాబట్టి, ఆ టైముకు ఆధారమైన రేఖాంశం నుంచి ఒక్కో డిగ్రీ జరిగేకొద్దీ నాలుగు నిమిషాల తేడా వస్తుంది. రెండోది, భూమి తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు, దాని అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. దారి ఆకారం, అక్షం ఒరుగు, ఈ రెంటి వల్ల సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో గడియారం కంటే సుమారు 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు.

పొట్టి నీడను పట్టుకోవడంలో ఒక చిక్కుంది. మధ్యాహ్నం దగ్గర్లో నీడ పొడవు చాలా నెమ్మదిగా మారుతుంది, ఏ గుర్తు పొట్టిదో తేల్చడం కష్టం. దీనికి ప్రాచీన భారత ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన ఉపాయమే ఇప్పటికీ మేలైనది. వాళ్ల కర్ర పేరు శంకువు, పొడవు పన్నెండు అంగుళాలు (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు, ఇంచి కాదు). దాని మొదలు కేంద్రంగా నేల మీద వృత్తం గీస్తారు. ఉదయం నీడ కొస ఆ వృత్తాన్ని తాకి లోపలికి వచ్చిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకి బయటికి వెళ్లిన చోట ఇంకో గుర్తు. రెంటినీ కలిపే గీత తూర్పు పడమరలు. దాని మధ్య బిందువు నుంచి కర్ర మొదలుకు గీసినది ఉత్తర దక్షిణాలు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి పోల్చి చూడండి. తేడా వస్తే ముందు కర్రను అనుమానించకండి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం, కర్ర చూపేది అసలు ఉత్తరం.

కర్ర పొడవును, నీడ పొడవును స్కేలు ప్రకారం కాగితం మీద గీసి కోణమానితో కొలిస్తే సూర్యుడు నడినెత్తి నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకి ఉన్నాడో వస్తుంది. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో మధ్యాహ్నం కొలిచిన ఆ కోణమే మీరున్న చోటి అక్షాంశం. అట్లాసు తెరిచి సరిచూసుకునేటప్పుడు పిల్లల ముఖం చూడాలి! వేరే ఊళ్లో ఉన్న చుట్టాలబ్బాయి చేత అదే రోజు మధ్యాహ్నం అదే పని చేయిస్తే భూమి చుట్టుకొలత కూడా లెక్కకు అందుతుంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్థెనీస్ చేసింది ఇదే. ఈజిప్టులోని సయీన్‌లో నీడ పడని రోజున అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీల నీడ పడింది. 360లో 7.2 అంటే యాభయ్యో వంతు, కాబట్టి భూమి చుట్టుకొలత ఆ రెండు ఊళ్ల దూరానికి యాభై రెట్లు. రెండు ఊళ్లూ ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరం ఉంటే లెక్క అంత బాగా వస్తుంది. ఒక్కో డిగ్రీకి భూమి మీద దూరం 111 కిలోమీటర్లు. మీటరు కర్ర నీడలో ఒక డిగ్రీ అంటే కనీసం పౌనే రెండు సెంటీమీటర్లు. మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎడం ఉంటే స్కూలు స్కేలు చాలు.

లోపాలు లేకపోలేదు. ఒక రోజంతా ఎండ కావాలి, మధ్యలో మబ్బు పడితే గుర్తులు పోతాయి. రెండో, మూడో తరగతి పిల్లలకు ఇరవై నిమిషాలకోసారి వచ్చి చూసే ఓపిక ఉండదు, ఆ డ్యూటీ పెద్దవాళ్ల మీద పడుతుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: ఈ కర్ర సూర్యుడి గురించి చెప్పేది తక్కువ, భూమి గురించి చెప్పేదే ఎక్కువ. టీచరు మరీ పట్టుబట్టి 'సూర్యుడి గురించే' అన్నారంటే కిందిది చూడండి.

సూది రంధ్రం

అట్ట ముక్కకు ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసి ఎండకు అడ్డంగా పట్టుకుంటే, వెనక నీడలో పెట్టిన తెల్ల కాగితం మీద గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. అది రంధ్రం ఆకారం కాదు, సూర్యుడి బింబం. నమ్మని పిల్లలకు రంధ్రాన్ని మూడు మూలలుగా కత్తిరించి చూపించండి. కాగితం దగ్గరగా ఉన్నప్పుడు వెలుగు మూడు మూలలుగానే ఉంటుంది, దూరం జరిపేకొద్దీ గుండ్రంగా మారిపోతుంది. చెట్టు కింద నేల మీద కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలు కూడా ఆకుల సందుల్లోంచి పడిన సూర్య బింబాలే. పాక్షిక గ్రహణం నాడు అవన్నీ నెలవంకలైపోతాయి.

కొలత విషయానికొస్తే, రంధ్రానికీ కాగితానికీ మధ్య 2 మీటర్లుంటే బింబం వ్యాసం 18 నుంచి 19 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే దూరం వ్యాసానికి సుమారు 107 రెట్లు. సూర్యుడి దూరానికీ సూర్యుడి వ్యాసానికీ ఉన్న నిష్పత్తీ అదే. సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లను 107తో భాగిస్తే 13.98 లక్షల కిలోమీటర్లు! అట్ట ముక్కతో ఇంత దగ్గరికి రావడం పెద్ద సంగతే. కానీ 2 మీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా జవాబులో ఐదు శాతం పోతుంది, అంచులు కూడా మసకగా ఉంటాయి. కాగితం వెలుగుకు సూటిగా అడ్డంగా లేకపోతే బింబం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. అప్పుడు అడ్డంగా ఉన్న చిన్న వ్యాసాన్నే కొలవాలి.

ఇంకా బాగా రావాలంటే చిన్న అద్దం మీద నల్ల కాగితం అంటించి, మధ్యలో అయిదు మిల్లీమీటర్ల రంధ్రం ఉంచి, దాని వెలుగును చీకటి గదిలోని గోడ మీదికి మళ్లించండి. 10 మీటర్ల దూరంలో తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు బింబం పడుతుంది. అది గోడ మీద కదిలిపోతూ ఉంటే భూమి తిరగడం కళ్లకు కడుతుంది. వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా పెద్దవాళ్లే అద్దాన్ని కుదర్చాలి.

ఈ పద్ధతిలో మెలిక ఒకటుంది, పిల్లల చేత అది తప్పకుండా రాయించండి. రంధ్రం ఇచ్చేది నిష్పత్తి మాత్రమే. 107 మీటర్ల దూరంలో మీటరు వ్యాసమున్న దీపం ఉన్నా బింబం ఇలాగే పడుతుంది. 14.96 కోట్ల కిలోమీటర్లు అనేది మనం పుస్తకం నుంచి అరువు తెచ్చుకున్నాం. ఏది కొలిచాం, ఏది తీసుకున్నాం అని విడదీసి రాసిన ప్రాజెక్టుకు, రంగుల చార్టుకంటే ఎక్కువ మార్కులు పడాలని నా అభిప్రాయం.

ఆర్నెల్ల ఓపిక ఉంటే అద్దం పద్ధతిని జనవరి మొదట్లో ఒకసారి, జూలై మొదట్లో ఒకసారి చేయండి. జనవరిలో భూమి సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది, జూలైలో 15.21 కోట్లకు దూరమవుతుంది. 10 మీటర్ల దగ్గర బింబంలో మూడు మిల్లీమీటర్ల తేడా. భూమి అంతటికీ ఈ లెక్క ఒకటే కాబట్టి ఎండాకాలం రావడానికి కారణం దగ్గర కావడం కాదని అక్కడితో తేలిపోతుంది.

ఎండ వేడా, సోలార్ ప్యానెలా?

సౌరశక్తి అనగానే అందరూ ఆగిపోయేది ఇక్కడే. మార్కెట్లో దొరికే సోలార్ కిట్లు చాలావరకు బొమ్మలే. ప్యానెల్ ఎండలో పెట్టగానే ఫ్యాన్ తిరుగుతుంది, నీడ పడితే ఆగిపోతుంది. రెండు నిమిషాల సరదా. అందులో కొలవడానికేమీ ఉండదు. కరెంటు, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు లేకుండా ఆ కిట్ కొనొద్దని నా సలహా.

ఎండ వేడి దారిలో వెళ్తే ఖర్చు తక్కువ, లెక్క ఎక్కువ. అడుగు నల్లగా ఉన్న వెడల్పు పళ్లెం తీసుకోండి. 25 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు ఉంటే వైశాల్యం చదరపు మీటరులో పదో వంతు. అందులో లీటరు నీళ్లు పోస్తే లోతు ఒక సెంటీమీటరు. నిర్మలమైన ఆకాశంలో సూర్యుడు బాగా పైకొచ్చాక చదరపు మీటరు నేల మీద పడే శక్తి దాదాపు 1000 వాట్లు, అంటే మన పళ్లెం మీద 100 వాట్లు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,200 జౌళ్లు కావాలి. కాబట్టి ఏ నష్టమూ లేకపోతే పది నిమిషాల్లో 14 డిగ్రీలు పెరగాలి. నిజంగా అంత పెరగదు. కొంత వెలుగు తిరిగి పోతుంది, గాలికి, ఆవిరికి వేడి పోతుంది. ఎంత పెరిగిందో రాసి, 14తో పోల్చి, మిగతాది ఎక్కడికి పోయిందో వెతకడమే ప్రాజెక్టు. పళ్లెం మీద గాజు పలక పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి, నల్ల అడుగుకు బదులు తెల్ల అడుగుతో ఇంకోసారి చేస్తే మూడు రోజులకు సరిపడా పని.

ఇదేదో పిల్లల ఆట అనుకోవద్దు. 1830ల్లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు క్లాడ్ పూయే సూర్యుడి శక్తిని కొలిచింది నల్లరంగు పూసిన నీళ్ల పాత్ర, థర్మామీటరులతోనే. వాతావరణం పైన చదరపు మీటరుకు ఎంత శక్తి వస్తుందో ఆయన వేసిన లెక్క, ఇప్పుడు ఉపగ్రహాలు చెబుతున్న 1361 వాట్లకు పది శాతం మాత్రమే తక్కువ. అంతకు చాలాముందు, 1767లో, స్విట్జర్లాండ్‌కు చెందిన దె సోస్యూర్ గాజు మూతల పెట్టె చేసి అందులో నీళ్లు మరిగే వేడిని దాటించాడు. నేటి సోలార్ కుక్కర్లకు మూలం అదే.

మరి ప్యానెల్ ఎవరికి? మల్టీమీటరు పట్టుకోవడం వచ్చిన ఆరో ఏడో తరగతి పిల్లలకు. వెలుగు నుంచి విద్యుత్తు పుడుతుందని 1839లో ఎడ్మండ్ బెకరెల్ గమనించినా, పనికొచ్చే సిలికాన్ సెల్ 1954లో బెల్ ల్యాబ్స్‌లో తయారైంది. దాని సామర్థ్యం 6 శాతం. ఇప్పుడు ఇంటి మీద పెట్టే ప్యానెళ్లది 20 శాతం, ఆపైన. నీళ్లు వేడిచేసే మంచి నల్ల పలక ఎండలో సగానికి పైగా పట్టుకోగలదు కదా, మరి ప్యానెల్ ఎందుకు అని పిల్లలు అడిగితే మెచ్చుకోండి. వేడి నీళ్లతో ఫోన్ చార్జ్ కాదు, విద్యుత్తుతో నీళ్లు కూడా కాగుతాయి, జవాబు అది.

ప్యానెల్‌తో చేయదగ్గ పరీక్షలు రెండే నాకు నచ్చుతాయి. మొదటిది, ప్యానెల్‌ను సూర్యుడికి సూటిగా పెట్టి కరెంటు కొలవడం, తర్వాత 30, 45, 60 డిగ్రీలు పక్కకు తిప్పి కొలవడం. 60 డిగ్రీల దగ్గర కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, వోల్టేజీ మాత్రం పెద్దగా కదలదు. సాయంత్రం ఎండ ఎందుకు చురుక్కుమనదో ఈ గ్రాఫే సగం చెబుతుంది. రెండోది ఇంకా బాగుంటుంది. ఎండలో బాగా వేడెక్కిన ప్యానెల్ వోల్టేజీ చూసి, వెనకవైపు తడిగుడ్డ అద్ది చల్లబరిచి మళ్లీ చూడండి. వోల్టేజీ పెరుగుతుంది! ప్యానెల్ పనిచేసేది వేడితో కాదు, వెలుగుతో. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాని ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. పెద్దవాళ్లలో కూడా చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

పగలు వీలుకాని వాళ్లకు నక్షత్రాలు

సూర్యుడు కూడా ఒక నక్షత్రమే కాబట్టి రాత్రి చేసే పని కూడా ఈ సబ్జెక్టు కిందికే వస్తుంది. ఇందులో అస్సలు సామాను అక్కర్లేనిది ఒకటుంది. రాత్రి ఒక మెరిసే నక్షత్రాన్ని ఎంచుకోండి. ప్రతిరోజూ ఒకే చోట, అదే భంగిమలో నిలబడి, అది ఎదురింటి గోడ అంచు వెనక మాయమయ్యే టైము సెకన్లతో సహా రాయండి. రోజుకు దాదాపు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతూ, వారంలో 27, 28 నిమిషాల తేడా వస్తుంది. ఆ నాలుగు నిమిషాలను 365తో గుణిస్తే సుమారు ఒక రోజు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని గోడ అంచు చెప్పడమంటే ఇదే. పొరపాటున గ్రహాన్ని ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. గ్రహాలు నక్షత్రాల్లా మిణుకు మిణుకుమనవు, ఆ తేడా చూసి ఎంచుకోండి.

రంగుల పరీక్ష చిన్న పిల్లలకు బాగుంటుంది. ఓరియన్ మండలంలో ఆర్ద్ర ఎర్రగా, రైజెల్ నీలి తెలుపుగా కనిపిస్తాయి. ఆర్ద్ర పైపొర వేడి 3,300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, సూర్యుడిది 5,500, రైజెల్‌ది 12,000 దగ్గర. ఎరుపంటే ఎక్కువ వేడి అనుకునే మన అలవాటుకు ఇది ఎదురు. అయితే ఇందులో కొలత లేదు, చూడటం ఒక్కటే. నా షరతు ప్రకారం ఇది సగం ప్రాజెక్టే.

సీడీ ముక్కతో ఇంద్రధనుస్సు చేసే పని గురించి కూడా అడుగుతుంటారు. చేయొచ్చు, కానీ సీడీని సూర్యుడి వైపు తిప్పి అందులోకి చూడకూడదు. తెల్ల కాగితం మీద పడిన ఎండను మాత్రమే చూడాలి. అట్టపెట్టెకు సన్నటి చీలిక బాగా కుదిరితే రంగుల మధ్య నల్ల గీతలు కనిపిస్తాయి, సూర్యుడిలో ఏ మూలకాలున్నాయో చెప్పేవి అవే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం వేళ గుంటూరు నుంచి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుడి అంచున జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ ఏడాది జ్వాలల్లో గమనించిన పసుపు గీతే హీలియానిదని తర్వాత తేలింది. భూమి మీద హీలియం దొరకడానికి 1895 దాకా పట్టింది. కథ గొప్పదే, ఇంట్లో చేసే సీడీ పెట్టె మాత్రం చాలాసార్లు మసక రంగుల దగ్గరే ఆగిపోతుంది. మొదటి ప్రాజెక్టుగా దీన్ని పెట్టుకోకండి.

టైమును బట్టి

రేపే ఇవ్వాలంటే సూది రంధ్రం, గంటలో అయిపోతుంది. ఒక ఆదివారం చేతిలో ఉంటే నీడ కర్ర. వారం ఉంటే నీళ్ల పళ్లెం, లేదా రాత్రి నక్షత్రం. ఇద్దరు పిల్లలు కలిసి చేస్తుంటే ఒకరికి పళ్లెం, ఒకరికి ప్యానెల్ ఇచ్చి ఒకే ఎండలో పక్కపక్కనే పెట్టించండి, పోలిక అక్కడే దొరుకుతుంది. తోడు ఉండే తీరిక పెద్దవాళ్లకు లేకపోతే అద్దం పద్ధతి వద్దు.

వారమంతా ముసురు పట్టిందనుకోండి, ఇంకో దారి ఉంది. 2010లో నాసా పంపిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ తీసిన సూర్యుడి చిత్రాలు రోజువారీగా ఉచితంగా దొరుకుతాయి. ఒక మచ్చను ఎంచుకుని, వరసగా పది రోజుల చిత్రాల మీద పలచటి కాగితం పెట్టి దాని చోటు గుర్తించాలి. మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి సుమారు రెండు వారాలు, సూర్యుడు మన వైపు నుంచి చూస్తే ఒక చుట్టు తిరగడానికి దాదాపు 27 రోజులు. మచ్చలు పదకొండేళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుంటాయి కాబట్టి కొన్ని నెలల్లో ఒక్కటీ కనిపించకపోవచ్చు. అప్పుడు పాత సంవత్సరాల చిత్రాలు తీసుకోండి, 2014వైనా ఫర్వాలేదు, తేదీ రాస్తే చాలు. మచ్చ అంచుకు దగ్గరయ్యేకొద్దీ సన్నబడి, నెమ్మదిగా కదిలినట్టు కనిపిస్తుంది. అలా ఎందుకో మీరు చెప్పకండి, ఒక బంతి మీద చుక్క పెట్టి పిల్లల చేతికిచ్చి తిప్పమనండి.